పీరాంబీ కోడి నీడ

శేషాచలం ఇంట్లో ఒంటికి నీళ్ళు పోసుకోనిదే పొయ్యి కూడా వెలగదు. జమ్మలమడుగులో ఆ వీధి వీధంతా నిద్ర లేచేది ఆయన బావి గిలక చప్పుడుకే. చలికాలం, వానకాలం అన్న పేచీ ఏమీ లేదు. ముందు ఆయన, తర్వాత భార్య, ఆ తర్వాత చెల్లెలు కమల, వరసగా చేదుకోవాల, పోసుకోవాల, వణుక్కుంటా లోపలికి పోవాల. గుళ్ళో పూజా, ఊళ్ళో పౌరోహిత్యమూ చేసే ఇల్లు మరి. ఆవును కడగనిదే పాలు పితకనిచ్చేవాడు కాదాయన.

అట్లాంటి ఇంటికి కమల ఒకరోజు గంపెడు కోడిపిల్లలను తెచ్చింది.

ఊరికే తేలేదులెండి. కమల మొగుడు పెండ్లయిన మరుసటేడే పోయినాడు. అప్పట్నుంచి అన్న ఇంట్లోనే ఉంటాది. అన్న మంచోడే, తిండికీ గుడ్డకూ లోటు చేసినోడు కాదు. కానీ ఎనిమిదో తరగతి దాకా చదివిన పిల్ల ఎంతకాలమని అప్పడాలు ఒత్తుకుంటా కూర్చుంటాది? ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త. బ్లాకాఫీసులో గ్రామసేవిక ఉద్యోగాలు పడినాయని తెలిసి, ధైర్యం చేసి పోయి అడిగింది. అక్కడి ఆఫీసరమ్మ ఆమెను ఎగాదిగా చూసింది.

"పల్లెల్లో ఆడవాళ్ళకు కోళ్ళ పెంపకం నేర్పాల్సుంటుంది. నువ్వెప్పుడన్నా కోడిని చేత్తో ముట్టుకున్నావామ్మా?"

"లేదండీ."

"అయితే ముందు పెంచి చూపించు. సంక్రాంతి పోయినాక నేనే వచ్చి చూస్తా. బాగా పెంచినావంటే పులివెందులలో పని ఇస్తా" అని గంప చేతిలో పెట్టింది. తెల్లజాతి పిల్లలు. తల్లి లేదు, మిషనులో పొదిగినవి.

శేషాచలం గంపను చూసి నడవాలోనే కూలబడినాడు.

"మన ఇంట్లో కోళ్ళా? ఊరు నవ్వదా కమలా?"

"నవ్వితే నవ్వనీ అన్నా. నాకా పని కావాల."

చెల్లెలు ఎప్పుడూ అట్లా ఎదురు మాట్లాడింది లేదు. ఆయన జంధ్యం సవరించుకుని, "సరే. ఆఫీసరమ్మ వచ్చే పొద్దుకు అన్నీ బతికుంటే పులివెందులకు పో. ఒక్కటి తగ్గినా ఇంక ఆ మాట ఎత్తొద్దు. ఇంకోటి. ఈ ఇంట్లో నీళ్ళు పోసుకోకుండా ఎవరూ మెతుకు ముట్టరు. నీ కోళ్ళయినా సరే" అన్నాడు.

ఆయన కోపంలో అన్నాడో, నిజంగానే అన్నాడో ఆయనకే తెలీదు. కమల మాత్రం నిజమే అనుకుంది. పాపం, కోడిపిల్ల సంగతి ఆమెకేం తెలుసు? మరుసటి పొద్దున నీళ్ళు కాంచి, చిటికెడు పసుపు వేసి, ఒక్కోదాన్ని అరచేతిలో పట్టుకుని, శుభ్రంగా తలకు పోసింది. ఆ తర్వాత అరిటాకు ముక్కలో నెయ్యి వేసి కలిపిన పప్పన్నం పెట్టింది. ఇంటికొచ్చిన చుట్టాలకు ఎట్లా పెడతారో అట్లా. అవి తినలేదు. ఒకదాని మీద ఒకటి పడి గజగజ వణికినాయి. కొన్ని మెడలు వాల్చేసినాయి. కమల వాటిని ఒళ్ళోకి తీసుకుని ఏడ్చింది.

ఆమె ఏడుపు విని పక్కింటి పీరాంబీ గోడ మీంచి తొంగి చూసింది. వాళ్ళది దూదేకే ఇల్లు. ముసలామెకు మోకాళ్ళు నొప్పులు, నోరు మాత్రం భేషుగ్గా పనిచేస్తాది.

"ఏందిమ్మే, పిల్లలు తడిసినాయి? వానేం రాలేదే."

"నేనే నీళ్ళు పోసినా అవ్వా."

"యా అల్లా! కోడిపిల్లకు తానం పోసినావా!" పీరాంబీ నవ్వలేక గోడ పట్టుకునింది. "తలంటు పోసి, పప్పూ నెయ్యీ పెట్టి! ఇంగ తాంబూలం ఒకటే తక్కువ. ఏడ్వబాకమ్మే, ఏడ్వబాక. ముందు పాత గుడ్డతో తుడువు. నా కోడిని పంపిస్తా."

పీరాంబీ కోడి అంటే, కోడి కాదు. కోడి నీడ. ఆ కోడిని పోయినేడు అల్లుడు వచ్చినాడని కోసినారు. కూర వండుకున్నారు, తిన్నారు, అల్లుడు ప్రొద్దుటూరు బస్సెక్కి పోయినాడు. నీడ మాత్రం దొడ్లోనే ఉండిపోయింది. పొద్దున గోడ మీద పొడుగ్గా, మధ్యాహ్నం పిడికెడంత, సాయంత్రం మళ్ళీ పొడుగ్గా. గీరుకుంటాది, ముక్కుతో పొడుస్తాది, మబ్బు పట్టినప్పుడు పండుకుంటాది. వీధిలో వాళ్ళు దాన్ని తొక్కకుండా పక్కకు తప్పుకుని పోతారు, అంతే.

నీడ గోడ దిగి వచ్చి పిల్లల మీద కూర్చునింది. కమల చెయ్యి పెట్టి చూసింది. నీడ కింద వెచ్చగా, అప్పుడే దించిన పాలగిన్నె పక్కన పెట్టినట్టుగా ఉంది. కాసేపటికి ఒక పిల్ల కియ్యిమంది. ఇంకోటి తల ఎత్తింది. చూస్తాండగానే అన్నీ లేచి నిలబడినాయి. కమల ఏడుస్తానే నవ్వింది.

ఆ పొద్దు నుంచి పీరాంబీ గోడ అవతల నుంచే పంతులమ్మ అయిపోయింది. "తానం మాటే మర్చిపో. మెత్తటి అన్నం పెట్టబాక, కడుపు పట్టుకుంటాది. కొర్రనూక పొడిగా చల్లు. నీళ్ళు మూకుట్లో పెట్టి గులకరాళ్ళు వెయ్యి, మునిగి సావకుండా. కింద శెనక్కాయ పొట్టు పరువు, తడిస్తే తీసెయ్యి. చెదలు దొరికితే పెట్టు, శానా బలం." చెదలు ఏరడానికి కమల మొదట ముక్కు మూసుకునింది. నెల తిరక్కముందే చెద పట్టిన కట్టె కనపడితే ముఖం వెలిగిపోయేది. పిల్లలకు రెక్కలీకెలు వచ్చినాయి. పగలంతా ఎగిరెగిరి గెంతేవి, పొద్దు గూకితే నీడ కిందకు దూరేవి.

వదిన ఒకసారి భర్తను అడిగింది, "నీడకు మైల ఉంటాదా?" అని. శేషాచలం పంచాంగం తిరగేసి, "ఉడికినాక మిగిలింది కదా, ఉండదు" అన్నాడు.

ఆఫీసరమ్మ వచ్చే రోజు రానే వచ్చింది. మధ్యాహ్నం బస్సు. కమల ఎదురు పోయింది, వదిన కాఫీ పని మీద ఉంది. పిల్లలు పెరట్లో నూక ఏరుకుంటాండాయి. శేషాచలం అప్పుడే మళ్ళీ నీళ్ళు పోసుకుని, మడిపంచె కట్టుకుని, నైవేద్యానికి తులసి కోస్తాండాడు.

పైన గద్ద తిరిగింది.

"సామీ! గద్ద! పిల్లల్ని చూడు సామీ!" గోడవతల పీరాంబీ కేకేసింది. ఆమె లేచి వచ్చేలోపల అయిపోతాది అంతా. కోడి నీడ ఉరుకుతా వచ్చింది గానీ, నడినెత్తిన పొద్దు, అది పిడికెడంతే ఉంది. ఒక్క పిల్లను కూడా సరిగా కప్పలేకపోయింది. రెక్కలు విప్పి ఇటు ఉరికింది, అటు ఉరికింది.

శేషాచలం తులసి చేత్తో పట్టుకుని నిలబడిపోయినాడు. ఒక్కటి తగ్గితే చాలు. చెల్లెలు ఇంట్లోనే ఉంటాది, ఊరు నవ్వదు. తను చెయ్యాల్సింది కూడా ఏమీ లేదు, ఊరికే నిలబడితే సరిపోతాది. అంత సులువు.

గద్ద రెక్కలు ముడిచింది.

మడి లేదు, గిడి లేదు. తులసి పారేసి ఒక్క ఉరుకు ఉరికినాడు. పిల్లల మధ్య గొంతుక్కూర్చుని పంచె రెండు పక్కలా విప్పి పట్టుకున్నాడు. కోడి నీడ ఆయన నీడలోకి దూరింది. దూరినట్టే దూరి, అందులో కలిసిపోయింది. ఆయన నీడకు రెండు పక్కలా రెక్కలు లేచినాయి. పిల్లలన్నీ ఆ కిందకు ఉరికినాయి. గద్ద ఆయన గుండు మీద గాలి కొట్టి పోయింది.

కమలా, ఆఫీసరమ్మా వచ్చేసరికి ఆయన అట్లాగే కూర్చోనుండాడు. పంచె మడతల్లోంచి తెల్లటి తలకాయలు కనపడతాండాయి.

"లేవండి పంతులుగారూ, లెక్కపెట్టాలి" అంది ఆఫీసరమ్మ.

"ఇప్పుడే కునుకు పట్టిందమ్మా వీటికి" అన్నాడు ఆయన నెమ్మదిగా. "రొంతసేపు కూర్చోండి. కాఫీ తాగండి. ఎక్కడికీ పోవు, అన్నీ ఉన్నాయి."

కమల నోట్లో కొంగు కుక్కుకుంది. అన్న ఆమె వైపు చూడలేదు. "పులివెందులలో బావి దగ్గరున్న ఇల్లు చూసుకో" అన్నాడు, పిల్లల మీద కన్ను తియ్యకుండా. "వీటి సంగతి నాకు వదిలిపెట్టు."

కమల పులివెందులకు పోయింది. శేషాచలం గుళ్ళో హారతి ఇస్తాడు, వెనక గోడ మీద ఆయన నీడకు రెక్కలు లేస్తాయి, జనం తీర్థం తీసుకుని పోతారు. పీరాంబీ తన కోడిని తిరిగి అడగలేదు.

ఉగాదికి కమల సెలవు మీద వచ్చింది. పిల్లలు పెట్టలైనాయి, పెరడంతా వాటిదే. అన్న పంచె చెంగులో కొర్రనూక పోసుకుని చల్లుతాండాడు.

"ఏం అన్నా, వీటికి రోజూ నీళ్ళు పోస్తాండావా?"

శేషాచలం ఆమెను వెర్రిదాన్ని చూసినట్టు చూసినాడు.

"కోళ్ళకు ఎవరన్నా నీళ్ళు పోస్తారా ఏందే! జలుబు చెయ్యదూ?"