పెద్దకారు పక్కన చిన్నకారు

నేను ఒక చిన్న కారును. భీమవరంలో వెంకటపతిరాజుగారి షెడ్డులో ఉండేదాన్ని. భయంతో మాట తడబడితే ఏమనుకోకండి.

నా పక్కనే పెద్దకారు ఉండేది. దొరల కాలంలో రాజుగారి తాతగారు ఓడమీద తెప్పించారట. పడవంత పొడుగు, ఇత్తడి దీపాలు, పక్కన బంట్రోతు నిలబడడానికి మెట్టు. పెళ్ళిళ్ళలో ఫొటోలకు నిలబడడం తప్ప దానికి వేరే పనిలేదు. నేను స్వాతంత్ర్యం వచ్చాక ఈ దేశంలోనే పుట్టినదాన్ని. ఆసుపత్రికీ, బడికీ, చేపల మార్కెట్టుకీ తిరిగింది నేనే. రాజుగారి భార్య సుభద్రగారు డ్రైవింగు నేర్చుకున్నదీ నామీదే. మొదటిరోజే కాలవ గట్టుకు గుద్దారు. ఇద్దరం ఒకేలా వణికాం.

ఒకరోజు రోడ్డు వెడల్పు చేసేవాళ్ళు షెడ్డు గోడమీద ఎర్రగీత గీసి వెళ్ళారు. సగం షెడ్డు పోతుంది, ఇక ఒక్క కారుకే చోటు. నా గుండెల్లో రాయి పడింది. మర్నాడే పాత ఇనుము కొనే మస్తాన్ వచ్చి, పుచ్చకాయ బేరం చేసినట్టు నా బానెట్ మీద వేళ్ళతో కొట్టి చూశాడు. ఆ చప్పుడుకి నట్టునట్టూ వణికిపోయింది.

అయినా ఆశ చావలేదు. మిగిలే సగంలో నేను హాయిగా పడతాను. పెద్దకారు ముక్కు బయటికొస్తుంది. సుభద్రగారూ నా పక్షానే మాట్లాడారు.

“దాన్ని నేను తోలగలనా అండీ? ఇదుంటే మా అక్కని చూసి రావడానికి ఎవర్నీ బతిమాలక్కర్లేదు.”

“ముక్కు బయటికొస్తే రేకు దింపుదాం. పెద్దకారు మా తాతగారి పరువు. ఈ చిన్నదాన్ని ఎవడు చూస్తాడు?” అన్నారు రాజుగారు.

చాకిరీ చేసినదానికి తుక్కుకొట్టు, కూర్చుని మురిసినదానికి నీడ! మనుషుల న్యాయం నాకెప్పుడూ అంతుపట్టలేదు. అలాగని పెద్దకారును తిట్టబుద్ధి కాలేదు. పాపం, అదీ బిక్కుబిక్కుమంటూనే నిలబడి ఉంది.

ఆ శుక్రవారం పొద్దున్నే సుభద్రగారు తలస్నానం చేసి వచ్చి, నాకు పసుపు రాసి బొట్లు పెట్టారు. చక్రాల కింద తలా ఒక నిమ్మకాయ ఉంచారు. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. చావబోయేదానికి ఎవరైనా నిమ్మకాయలు పెడతారా? అక్కగారి ఊరికే ప్రయాణమనుకుని, ఆవిడ ఎప్పుడెక్కుతారా అని ఎదురుచూశాను. తలుపు తీసి కూర్చున్నది మస్తాన్.

“తుక్కుకెళ్ళేదానికి నిమ్మకాయలెందుకమ్మా?” అన్నాడు.

“దార్లో దానికేమీ కాకూడదు కదయ్యా,” అన్నారు సుభద్రగారు కళ్ళొత్తుకుంటూ.

మొండికేయాలనుకున్నాను. కదలనంటే కదలనని భీష్మించుకోవాలనుకున్నాను. ఇన్నేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? మస్తాన్ తాళం తిప్పగానే, అంత భయంలోనూ, మొదటిసారికే స్టార్టయ్యాను.