వాటాదారుల నారు

1994లో ఊరందరికీ షేర్ల పిచ్చి పట్టినప్పుడు నాకూ పట్టింది. అరెకరం అమ్మి పచ్చమడి సీడ్స్‌లో లక్ష రూపాయలకు వాటాలు కొన్నాను. పదేళ్లు తిరిగేసరికి కంపెనీ పీకల్లోతు అప్పుల్లో మునిగింది.

2004 వేసవిలో పటమటలోని ఒక కల్యాణ మండపంలో మీటింగ్ పెట్టారు. ఛైర్మన్ రామకోటేశ్వరరావు గారు రెండు దారులు చెప్పారు. హైదరాబాదు కంపెనీకి మొత్తం అమ్మేస్తే పది రూపాయల వాటాకు నాలుగొస్తాయి. లేదంటే హనుమాన్ జంక్షన్ గోడౌన్ అమ్మి సగం అప్పు కట్టి, మిగతాది ఎనిమిదేళ్ల వాయిదాల్లో తీర్చుకుంటూ, ఖుర్షీదా గారు తయారుచేసిన కొత్త వరి రకాన్ని నమ్ముకోవాలి. ఆవిడ కంపెనీ సైంటిస్టు. దాని మీద తొమ్మిదేళ్లు పనిచేశారు.

"పన్నెండు రోజులు నీళ్లలో మునిగినా చావదండీ," అన్నారు ఖుర్షీదా గారు. "వేరే కంపెనీలు ఈ రకం అమ్ముకున్నప్పుడల్లా బస్తాకింతని మనకు రాయల్టీ వస్తుంది."

"నా లక్షా ఇట్టాగే వస్తుందన్నారు!" అని లేచాను. నాకు నోటి దురుసు ఎక్కువ. దక్కిందే చాలు, వాటాకు నాలుగు చొప్పున వచ్చే నలభై వేలు పుచ్చుకుని పోదామని నా పంతం.

"కూర్చో రత్తయ్యా," అంది వెనక వరసలోంచి రావమ్మ గారనే పెద్దావిడ. "అమ్మా ఖుర్షీదా, మాకు కాయితాలెందుకు? తలా గుప్పెడు ఇత్తనాలియ్యి. మొలక కట్టి చూసుకోకుండా ఇత్తనం ఎవరు కొంటారు?"

అందరూ సరేనన్నారు. మీటింగ్ యాభై రోజులకు వాయిదా పడింది.

ఇంటికొచ్చి పగిలిన కుండ పెంకుల్లో ఒకదాంట్లో ఆ గింజలు, ఇంకోదాంట్లో మా మామూలు రకం చల్లాను. నారు జానెడు లేచాక రెండు పెంకుల్నీ గేదెల తొట్టిలో ముంచాను.

"అది చావాలనే చూస్తున్నారుగా," అంది నా భార్య సుబ్బరత్నం. అబద్ధమెందుకు, చావాలనే కోరుకున్నాను. అది చస్తే నిశ్చింతగా అమ్మకానికి చెయ్యెత్తొచ్చు.

పన్నెండో రోజు తీస్తే మా రకం కుళ్లి కంపు కొట్టింది. కొత్త రకం పాలిపోయి బురదకు అతుక్కుపోయింది. "రెండూ పోయినయ్," అని సంతోషంగా పెంకుల్ని గోడ పక్కకు నెట్టేశాను.

నాలుగు రోజుల తర్వాత పొద్దున్నే సుబ్బరత్నం కేకేసింది. కొత్త రకం పెంకులో ఎండిన ఆకుల మధ్యనుంచి సూదుల్లాంటి లేత ఆకులు పెంకునిండా లేచాయి. ప్రతి తుఫానుకూ గట్టుమీద నిలబడి మునిగిన మడిని చూసి ఏడ్చినవాణ్ణి నేను. గొంతుకూర్చుని ఎంతసేపు చూశానో తెలియదు. నీళ్లకు చావని వరి, మా గోడ పక్కన!

ఆ పెంకు పట్టుకునే మీటింగ్‌కు వెళ్లాను, ఛైర్మన్ గారికి చూపిద్దామని. ఇంత ఘనకార్యం నేనొక్కణ్ణే చేశాననుకున్నాను. హాల్లో అడుగుపెట్టి నిలబడిపోయాను. పెయింటు డబ్బాలు, సత్తు గిన్నెలు, చిల్లు బకెట్లు. వరసవరసకూ ఒళ్లో పచ్చటి నారు పెట్టుకుని రెండు వందలమంది కూర్చున్నారు. గుళ్లో కూడా అంత నిశ్శబ్దం నేనెరగను. ఖుర్షీదా గారు చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నారు.

"అమ్మకానికి ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి," అన్నారు ఛైర్మన్ గారు.

నా నలభై వేలు గుర్తొచ్చాయి. పెంకును రెండు చేతులతో ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను.