ముగిసిన ఫిర్యాదు

స్నానానికి వెళ్లే ముందు హీటర్ స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, దాన్ని కాసేపు చేతిలోనే పట్టుకుని నిలబడతాను. అయినా కుళాయి తిప్పడానికి చెయ్యి రాదు. ముందు వేలి కొసతో తాకి చూస్తాను. "బడిలో అరవై మందిని గడగడలాడించేదానివి, గోడకున్న డబ్బాకి భయమేంటి?" అంటారు మా ఆయన. "కొత్తదే కదమ్మా," అంటుంది అత్తయ్య. నిజమే, కొత్తదే. నాలుగు నెలల కిందట మా తోడికోడలు పాతదాని కింద షాక్ కొట్టి పోయాక కంపెనీ వాళ్లే వచ్చి బిగించి వెళ్లారు.

నేను ఆవిడని అక్కా అనేదాన్ని. పొద్దున్నే నా క్యారియర్ కట్టి గుమ్మం దాకా తెచ్చిచ్చేది. పరామర్శకి వచ్చిన వాళ్లందరితో బావగారు ఒకటే మాట అన్నారు: "ఒక్కసారి చెప్పుంటే బాగు చేయించేవాణ్ణి కాదా?" నోట్లో నాలుక లేని మనిషి అని అందరూ జాలిపడ్డారు. హీటర్ గురించి ఇంతకు ముందు ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదని కంపెనీ వాళ్లు అడిగితే ఆయన ఒక కాగితం రాసిచ్చారు. సాక్షి సంతకం నాది. "టీచరమ్మ సంతకమైతే బరువుంటుంది," అన్నారు. పెట్టాను. నాకు మాత్రం అక్క ఒకసారి చెప్పింది. నేను పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. "కుళాయి పట్టుకుంటే చురుక్కుమంటోందే," అంది. "చెప్పులేసుకుని వెళ్లక్కా," అన్నాను, తలెత్తకుండా.

సెలవుల్లో నేను వినియోగదారుల సంఘానికి పని చేస్తాను. ఏ కంపెనీ తన వస్తువు కొన్నవాళ్లతో ఎంత న్యాయంగా నడుచుకుంటుందో మార్కులు వేసి, సంఘం ఏటా ఒక జాబితా అచ్చు వేస్తుంది. ఈసారి హీటర్లు. ఫిర్యాదు చేసిన వాళ్ల ఫోన్ సంభాషణలు కంపెనీలే ఇస్తాయి. అవి పేర్లు కొట్టేసి, టైపు కాగితాలుగా, వెంట రికార్డులతో మా ఇంటికి వస్తాయి. కంపెనీ పేరు కూడా ఉండదు, ఒక అక్షరం ఉంటుందంతే.

'గ' కంపెనీ కట్టలో షాక్ కొడుతోందన్న ఫిర్యాదులే పదకొండు. ఆఖరిదాంట్లో మూడు ఫోన్లు. మొదటిసారి, చెప్పులు వేసుకుని వాడండి మేడమ్ అన్నాడు అటువైపు మనిషి. వారం తర్వాత, తడిచేత్తో ముట్టుకోకండి మేడమ్ అన్నాడు. స్నానాలగదిలో పొడిచెయ్యి ఎక్కడ దొరుకుతుందో చెప్పలేదు. అయినా ఏడుసార్లు మేడమ్ అన్నాడు, ఒక్కసారీ విసుక్కోలేదు. మర్యాదకి ఇరవైకి పదహారు వేశాను. మొత్తం వందకి ముప్ఫై మూడు దగ్గర ఆగింది. ముప్ఫై మూడు దగ్గర ఆగిన పిల్లని నేనెప్పుడూ ఫెయిల్ చెయ్యలేదు. అలవాటు కొద్దీ రెండు కలిపి గట్టెక్కించాను.

మూడో ఫోన్ కాగితం ఒక్కటే మిగిలింది. దాని మీద 'మాటలు స్పష్టంగా లేవు, రికార్డు వినండి' అని ఉంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను.

"మళ్లీ నేనేనండీ," అంది అక్క.

నా చేతిలో పెన్ను ఉందని కూడా తెలియలేదు. "నా సంగతి సరే. ఇంట్లో మా చెల్లెలుంది, బడికెళ్లే తొందరలో తడికాళ్లతో పరుగెడుతుంది. దానికేమైనా అయితే ఎలాగండీ?" అంటోంది. నోట్లో నాలుక లేదన్న మనిషి, మూడోసారి, నాకోసం. "ఇంట్లో మగవాళ్లుంటే ఫోనివ్వండి మేడమ్," అన్నాడతను, అదే మర్యాదతో. తర్వాత బావగారి గొంతు: "ఏం లేదు బాబూ, ఆవిడకి అన్నీ అనుమానాలే. ఫిర్యాదు తీసేయండి." కాగితం అడుగున కంపెనీ వాళ్లు రాసుకున్నది, 'ముగిసింది. కస్టమర్ సంతృప్తి చెందారు.'

బావగారు పక్కగదిలో టీవీ చూస్తున్నారు. ఒకటే గోడ అడ్డం. తెలిసినవాళ్ల ఫిర్యాదు వస్తే మార్కులు వెయ్యకుండా తిప్పి పంపాలని సంఘం నియమం. కారణం రాయనక్కర్లేదు. పంపేస్తే ఇంకెవరో వింటారు, ఎవరో మొగుడు వద్దన్నాడులే అనుకుంటారు, బహుశా పాస్ కూడా చేస్తారు. నేను ఈ ఇంట్లోనే ఉంటాను, ఈ హీటర్ కిందే స్నానం చేస్తాను, ఆయనకి అన్నం వడ్డిస్తాను. చెబితే? కొంప కూల్చిందంటారు. తప్పుడు సాక్ష్యం పెట్టిన టీచరంటారు. మా ఆయన మొదట నా మొహం కేసి కాదు, వాళ్లన్నయ్య మొహం కేసి చూస్తారు. ఆ చూపు నాకు బాగా తెలుసు.

ముప్ఫై అయిదు కొట్టేసి, సంఘం కార్యదర్శిగారికి ఫోన్ చేశాను.

"అయిపోయిందా టీచర్‌గారూ? మీరెప్పుడూ అందరికంటే ముందే," అందావిడ.

"లేదండీ. 'గ' కంపెనీకి నేను మార్కులు వెయ్యలేను. పదకొండో ఫిర్యాదు చేసిన మనిషి బతికి లేదు. మా తోడికోడలు."

పక్కగదిలో టీవీ ఆగిపోయింది. కుర్చీ జరిగిన చప్పుడైంది.

"వింటున్నారా?" అన్నాను. గొంతు తగ్గించలేదు. "తీసేయమన్నాయన పేరు చెబుతాను. తర్వాత నేను సంతకం పెట్టిన కాగితం సంగతి. మెల్లగా చెబుతాను, రాసుకోండి."