చెప్పుల కొట్లో కూర్చునే చోటు

మా చెప్పుల కొట్లో కూర్చునే యోగం కొనడానికి వచ్చినవాళ్లకే ఉండేది. వాళ్ల కోసం ఎర్ర దిండు వేసిన బల్ల ఒకటి, దాని ముందు పాదాలు కనిపించేలా వాలుగా పెట్టిన అద్దం ఒకటి ఉండేవి. అమ్మే మేం మాత్రం షట్టరు లేపినప్పటి నుంచి దించేదాకా నిలువుకాళ్ల మీదే. నేను, మా వదిన, పై అరల్లోంచి పెట్టెలు దించే స్టాకు బాబాయ్, అంతే పనివాళ్లం. ఆయన మాకు వరసకేమీ కాడు, స్టాకు చూస్తాడు కాబట్టి స్టాకు బాబాయ్. పోనీ పెట్టెల మీదైనా కూర్చుందామంటే అట్ట నలుగుతుందని గొడవ.

ఆ పద్ధతి మా యజమాని పెట్టింది కాదు, వాళ్ల నాన్నగారు పెట్టింది. "మనిషి కూలబడితే కొట్టు కూలబడుతుంది" అని ఆ పెద్దాయన అనేవాడట. ఆయన పోయి చాలాకాలమైనా మా యజమాని ఆ మాట తు.చ. తప్పకుండా పాటించేవాడు. ఉన్నమాట చెప్పుకోవాలి కదా, తను కూడా కూర్చునేవాడు కాదు. గల్లాపెట్టె వెనక నిలబడి, బరువు ఈ కాలి మీంచి ఆ కాలి మీదకు మార్చుకుంటూ పొద్దు పుచ్చేవాడు.

మేం మాత్రం తక్కువ తిన్నామా? యజమాని అలా బయటికి వెళ్లగానే మాలో ఒకరం కొనడానికి వచ్చిన మనిషి అయిపోయేవాళ్లం. దర్జాగా ఎర్ర బల్ల మీద కూర్చుని, ఒక కాలికి కొత్త జోడు తొడుక్కుని, "ఇది కొంచెం బిగుతుగా ఉందండీ, ఇంకోటి చూపించండి" అనేవాళ్లం. ఇంకొకరు పెట్టె పట్టుకుని వినయంగా నిలబడేవాళ్లు. అద్దాల తలుపులోంచి ఎవరు చూసినా బేరం జోరుగా సాగుతోందనే అనుకుంటారు. స్టాకు బాబాయ్ అయితే చేతికేది దొరికితే అది తొడిగేవాడు. ఒకసారి ఎత్తుమడమల ఆడవాళ్ల చెప్పులు తొడుక్కుని, "మా ఆవిడకు నచ్చుతుందంటారా?" అని అడిగితే నవ్వలేక చచ్చాం.

యజమాని తిరిగొస్తున్నాడంటే మాకు ముందే తెలిసిపోయేది. గుమ్మం దగ్గరికి రాగానే ఆయనకు దగ్గు వచ్చేది. వీధి దుమ్ము పడదు కాబోలు అనుకునేవాళ్లం. దగ్గు వినపడగానే లేచి నిలబడేవాళ్లం. "ఈయన దగ్గు చల్లగా ఉండాలి" అని స్టాకు బాబాయ్ చేతులెత్తి దణ్ణం పెట్టేవాడు.

వదినకు ఏడో నెల వచ్చేసరికి ఆట ఆటగా మిగల్లేదు. ఆవిడ పాదాలు వాచి, సొంత చెప్పులు పట్టడం మానేశాయి. నా వంతు, బాబాయ్ వంతు కూడా ఆవిడకే ఇచ్చేవాళ్లం. అయినా చాలేది కాదు. ఇంట్లో ఉండిపోవచ్చుగా అని అన్నయ్య అంటే వదిన ఒంటికాలి మీద లేచింది. ఏడ్చే పిల్లల కాళ్లకు జోళ్లు తొడగడంలో మా వదినను మించినవాళ్లు లేరు. పిల్లాడి బొటనవేలితో కాసేపు మంచీ చెడూ మాట్లాడుతుంది. ఆ వేలు ఏం జవాబు చెబుతుందోనని వాడు ఏడుపు మరిచిపోతాడు. అలాంటి పనిని ఆవిడ ఎలా వదులుకుంటుంది?

ఒక రోజు పదకొండు దాటాక వదిన ఎర్ర బల్ల మీద కూర్చుని, ఒక కాలికి జోడు తొడుక్కుని అలాగే నిద్రపోయింది. నేను లోపల పెట్టెలు సర్దుతున్నాను. యజమాని గుమ్మంలో దగ్గాడు. వదిన లేవలేదు. ఇంకా గట్టిగా దగ్గాడు. ఊహూఁ. నేను పరుగున వచ్చేసరికి, ఆయన వెనకే కళ్లజోడు పెట్టుకున్న ఒకావిడ లోపలికి వచ్చి, కూర్చోవడానికి చోటు లేక నిలబడి ఉంది.

వదిన ఉలిక్కిపడి లేచింది. యజమాని ముఖం మాడ్చుకున్నాడు. అరవలేదు, అందుకే నాకు ఇంకా భయం వేసింది.

"ఇలాంటప్పుడు నీకెందుకమ్మా ఈ కష్టం? రేపట్నుంచి ఇంటిపట్టునే ఉండు. నేను వేరే మనిషిని చూసుకుంటాను."

అంత మెత్తగా చెప్పాడు. అంతే మెత్తగా వదిన ఉద్యోగం ఊడింది. ఆవిడ తలవంచుకుని, కాలికున్న జోడు విప్పి, గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టింది. నాకు ఏడుపొచ్చింది.

నేను కళ్లజోడు ఆవిడకు చెప్పులు చూపిస్తుంటే, "మీరు కూర్చునే కుర్చీలు ఏవమ్మా?" అని ఆవిడ మెల్లగా అడిగింది.

"భలేవారే! మేం కూర్చోవడమేంటండీ?"

"అన్నం తినడానికైనా వదులుతారా?"

"వంతులేసుకుని లోపలికెళ్లి నాలుగు ముద్దలు మింగొస్తాం."

"నేను పక్కవీధిలో కార్మిక శాఖ ఆఫీసులో పనిచేస్తా. ఇవాళ నీ నాలుగు ముద్దలూ అక్కడికొచ్చి తిను" అని, చెప్పులు కొనకుండానే వెళ్లిపోయింది.

మధ్యాహ్నం నా వంతు రాగానే డబ్బా పట్టుకుని పరుగెత్తాను. ఆవిడ నాకు మొదట కుర్చీ వేసింది, తర్వాతే మాట్లాడింది. కొట్లో పనిచేసేవాళ్లకు కూర్చోవడానికి ఏర్పాటు ఉండాలట. బేరం లేనప్పుడు కూర్చోనివ్వాలట. తిండికీ విశ్రాంతికీ వేళ ఇవ్వాలట. వారానికో సెలవు తప్పనిసరట. కడుపుతో ఉందన్న కారణంగా మనిషిని తీసేయకూడదట, కాన్పుకు సెలవిచ్చి మళ్లీ పనిలోకి రానివ్వాలట. నేను ముద్ద చేతిలోనే పట్టుకుని విన్నాను.

"ఇవన్నీ ఆఫీసు ఉద్యోగాలవాళ్లకు కదండీ?"

"నువ్వు చేసేది ఉద్యోగం కాదా?"

చేతిలో ముద్ద మళ్లీ డబ్బాలో పెట్టేశాను.

"ఇవి కనీసం ఉండాల్సినవి తల్లీ. ఇంతకన్నా బాగా చూసుకుంటానంటే ఆయనిష్టం. ఇంతకన్నా తక్కువకు మాత్రం ఆయనిష్టం చెల్లదు. ముందు మీరే అడగండి, వినకపోతే నేనొస్తా" అంది.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఇన్నాళ్లూ ఉందని తెలిస్తే కదా అడగడానికి! ఆ వీధంతా ఎగురుకుంటూ వచ్చాను. ఎప్పుడో మడతపెట్టిన బట్టల్లో నోటు దొరికితే ఉండే సంతోషం అది. తీసుకొచ్చింది ఎవరి సొమ్మో కాదు, మాదే.

వదిననీ బాబాయినీ వెంటేసుకుని గల్లాపెట్టె ముందు నిలబడి, విన్నదంతా గడగడా ఒప్పజెప్పాను.

"ఎవరు చెప్పారు ఇవన్నీ?" అన్నాడు యజమాని.

"పొద్దున వచ్చిన కళ్లజోడు ఆవిడండీ. కార్మిక శాఖ."

ఆయన ముఖం పాలిపోయింది. "అయితే కేసు పెడతారా?"

"కేసెందుకండీ? కుర్చీ అడగడానికొచ్చాం. మా వదిన ఉద్యోగం అడగడానికొచ్చాం."

"ఆవిడ మంచి కోసమే కదమ్మా పొమ్మన్నాను!"

వదిన ముందుకొచ్చింది. "నాకు ఇంట్లో కూర్చోవాలని లేదండీ. ఇక్కడ కూర్చోవాలని ఉంది."

యజమాని గోడమీద నాన్నగారి ఫోటో వైపు చూశాడు. ఫోటోలో పెద్దాయన దర్జాగా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మేమూ అటే చూశాం. స్టాకు బాబాయ్ గొంతు సవరించుకుని, "అయ్యగారు ఫోటో తీయించుకునేటప్పుడు కొట్టేమైనా కూలబడిందాండీ?" అన్నాడు.

యజమాని నవ్వాపుకోలేకపోయాడు. ఆ నవ్వుతో వదిన ఉద్యోగం తిరిగొచ్చింది.

మర్నాడు మేం వెళ్లేసరికి పనివాళ్ల కోసం మూడు కుర్చీలు వచ్చి ఉన్నాయి. వదిన కుర్చీకి నడుముకు ఆనించుకునే దిండు కూడా పెట్టించాడు. వదిన దాని చేతుల మీద చేతులు ఆనించి కూర్చుని, కళ్లు మూసుకుని, "అమ్మయ్య" అంది. ఆ ఒక్క మాట వినడానికి నేను ఇంకో పది ఆఫీసులైనా తిరుగుతాను.

"మరి మీకేదండీ?" అంది వదిన, గల్లాపెట్టె వెనక నిలబడే ఉన్న యజమానిని చూసి.

"నాకెందుకమ్మా, అలవాటైపోయింది."

"మీవీ కాళ్లే కదండీ" అని, చెయ్యి పట్టుకున్నంత పని చేసి ఎర్ర బల్ల మీద కూర్చోబెట్టింది. ఎవరైనా అక్కడ కూర్చుంటే నా చేతులు ఊరుకోవు. కొలబద్ద తెచ్చి ఆయన జోడు విప్పాను. వేళ్లన్నీ ఒకదానిమీదొకటి ఎక్కి ఉన్నాయి.

"అయ్యో, మీది తొమ్మిది కాదండీ, పది! ఇన్నాళ్లూ ఇవెలా వేసుకున్నారు?"

"కొలిపించుకోవడానికి ఎప్పుడు కూర్చున్నానమ్మా?" అన్నాడు. తర్వాత పాదాలు అద్దంలో చూసుకుంటూ, అచ్చం మా గొంతుతో, "ఇది కొంచెం బిగుతుగా ఉందండీ, ఇంకోటి చూపించండి" అన్నాడు.

ముగ్గురం కొయ్యబారిపోయాం.

"మీకు... తెలుసా?" అన్నాను.

"మొదట్నుంచీ."

"మరి ఆ దగ్గు?"

"నాకు దగ్గేమిటమ్మా? నాన్న మాట కాదనే ధైర్యం లేక, నేను చూసేలోపు మీరు లేస్తారని దగ్గేవాణ్ణి."

నాకు ఆయన మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది. వదిన మాత్రం వెంటనే అందుకుంది.

"దగ్గు మంచిదేనండీ. కానీ నిన్న నేను నిద్రపోతే అది నన్ను కాపాడలేకపోయింది" అంది నవ్వుతూ. "కుర్చీయే నయం."

"నయమే తల్లీ" అన్నాడాయన. స్టాకు బాబాయ్ కుర్చీలోంచి లేవకుండానే, "పదో నంబరు పై అరలో ఉందండీ, ఒక్క నిమిషం కూర్చుని తెస్తాను" అన్నాడు.