వాల్వు మీద పేరు

ఆ ఉదయం మా నాన్న గడ్డం గీసుకున్నాడు. ఇందులో చెప్పుకోవడానికేముంది అంటారా? పద్నాలుగు నెలలుగా మా అమ్మ బతిమాలి, నేను కేకలేసి, ఇద్దరం ఆయన ప్రాణం తోడేస్తే తప్ప ఆ గడ్డం మీద కత్తి పడలేదు. "చూపు తగ్గింది మేస్త్రీగారూ, ఇక ఇంటిపట్టున ఉండండి" అని వర్క్‌షాపు వాళ్లు పంపేసిన రోజు నుంచి ఆయన ముందుగదిలో కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు. పెడితే తిన్నాడు, లేకపోతే లేదు. అడిగితే పలికాడు, అదీ సగం మాటే. అలాంటి మనిషి ఆ రోజు నాకంటే ముందు లేచి, గడ్డం గీసుకుని, మరకలు వదలని పాత వర్క్‌షాపు చొక్కా తొడుక్కుని, జేబులో సుద్దముక్క పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇంకా తెమలవేం చిన్నీ? ఎండెక్కితే రబ్బరు మెత్తబడుతుంది. మంచి టైరూ చెడ్డ టైరూ ఒక్కలాగే ఉంటాయి."

దీనికంతటికీ కారణం నా బండి. ఆరేళ్లు టైల్సు గోదాములో పరాయివాళ్ల బండి తోలి, వాళ్ల మాటలు పడీ పడీ విసుగెత్తి, ఒక పాత పికప్పు కొనుక్కున్నాను. ఇంజను గట్టిది. చక్రాలే దిక్కుమాలినవి. ఒక రిమ్ము అంచు వంగింది, రెండింటికి బోల్టు కన్నాలు అరిగి కోలగా సాగాయి. టైర్ల సంగతి సరేసరి, లోపలి తీగలు బయటికి తొంగి చూస్తున్నాయి. సోమవారం నుంచి కొండమీద కడుతున్న ఇళ్లకు టైల్సు చేరవెయ్యాలి. టన్ను బరువుతో అన్ని మలుపులు తిరగాలంటే కిందున్న చక్రం మీద నమ్మకం ఉండాలి.

చక్రాలు ఎంచడం నాకు రాక కాదు. తొమ్మిదేళ్లప్పటినుంచి ఆయన పక్కన టైర్ల మధ్య తిరిగినదాన్ని. అయినా ముందురోజు అన్నం దగ్గర, "నాకు అంతుపట్టడం లేదు నాన్నా, నువ్వు వచ్చి చూడాలి" అన్నాను. మా అమ్మ నావైపు అదోలా చూసింది. ఆయన మాత్రం తలెత్తాడు. "చూపుదేముందే, టైరు చూసేది చెయ్యి" అన్నాడు. అంత పొడుగు మాట ఆయన నోట విని ఎన్నాళ్లయిందో.

వర్క్‌షాపులో ఆయన్ని గేజీ అనేవారు. ఇనప కడ్డీతో టైరును ఒక్కసారి తట్టి, చెవి వంచి, గాలి ఎంతుందో చెప్పేవాడు. ఎవరైనా నమ్మక గేజీ పెట్టి చూస్తే అదే అంకె. ఇంకోటి కూడా ఉంది. ఆయన ఎక్కించిన ప్రతి టైరు మీదా కంపెనీ పేరులోని మొదటి అక్షరం సరిగ్గా గాలి వాల్వు పైన ఉండాలి. ట్యూబుకు చిల్లి పడితే, దాన్నిబట్టి టైరులో మేకు ఎక్కడ దిగిందో తేలిగ్గా దొరుకుతుందని చెప్పేవాడు. అది సాకేనని నా అనుమానం. అది ఆయన సంతకం. ఊళ్లో తిరిగే బళ్లలో ఏది మా నాన్న చేతిదో నేను చిన్నప్పుడు దూరం నుంచే చెప్పేదాన్ని.

పాత టైర్ల కొట్టాయన నాన్నని చూసి కుర్చీలోంచి లేచాడు. ముందుగా తళతళలాడే అల్లాయ్ చక్రాలు దొర్లించుకొచ్చాడు. నాన్న వాటిని తాకను కూడా లేదు.

"ఇవి మొహం చూసుకోవడానికి బాగుంటాయి. మాది బరువు మోసే బండి. ఇనపవి తియ్యి."

ఇనపవి వచ్చాయి. నాన్న చెప్పినట్టే నేను బోల్టు కన్నాలు లెక్కపెట్టాను, మధ్య కన్నానికి కొలత పట్టాను. అది వదులైతే బరువంతా బోల్టుల మీద పడి ఏదో ఒక రోజు తెగుతాయని కొట్టాయనకు పాఠం చెప్పాడు. తర్వాత ఒక్కో రిమ్మునూ నేలకు ఆనించి కడ్డీతో తట్టాడు. మూడోదాని దగ్గర ఆగాడు. మళ్లీ తట్టాడు.

"ఇది పగిలింది."

"ఎక్కడండీ, నిక్షేపంలా ఉంటేను," అన్నాడు కొట్టాయన.

"నీళ్లు పోసి తుడిచి చూడు."

తుడిచి చూస్తే బోల్టు కన్నం పక్కన వెంట్రుకంత చీలిక. కొట్టాయన నోరు తెరిచాడు. నాకు ఎంత గర్వమనిపించిందో చెప్పలేను. ఇలాంటి మనిషిని గోడకేసి కూర్చోబెట్టారు కదా వెధవలు అని వర్క్‌షాపు వాళ్లను మనసులో నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను.

తర్వాత టైర్లు. మొదట చూపించినవి కారు టైర్లు, పక్కలు పల్చనివి, బరువుకు ఆగవని తోసేశాడు. చివరికి లోపలి నుంచి లోడు బళ్ల టైర్లు నాలుగు వచ్చాయి. పైనున్న గాడులు లోతుగా ఉన్నాయి, నలుపు నిగనిగలాడుతోంది. అరగకపోవడం ఒక్కటే చూసి మోసపోకూడదు. మూల పడి ఏళ్లతరబడి ఎండిన రబ్బరు పైకి కొత్తగానే కనబడుతుంది, బరువూ వేడీ తగలగానే చీలిపోతుంది. ఇది నాకు చెప్పిందీ ఆయనే. అందుకే టైరు పక్కన కోలగా గీసిన గీత మధ్య నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ తయారైన ఏడాది.

నాన్న గొంతుక్కూర్చుని వాటిమీద వేళ్లు పరిచాడు. ముందుకీ వెనక్కీ రాశాడు. చాలాసేపు రాశాడు.

"ఇరవై రెండో వారం. ఇరవై మూడు," అన్నాడు. "కొత్తవే. ఒకే లాటు. ఇవి తీసుకుందాం."

నేను దుమ్ము దులుపుతున్నట్టు వంగి చూశాను. ఇరవై రెండు సరే. పక్కన ఉన్నది పదమూడు. నాలుగింటికీ పదమూడే. గోరు గుచ్చి చూశాను, రాయి.

షుగరు కళ్లను తినేస్తోందని మాకు తెలుసు. వేళ్లను ఎప్పుడు తినేసిందో ఆయన చెప్పలేదు, మేం అడగలేదు. తలెత్తితే కొట్టాయన నన్నే చూస్తున్నాడు. వాడికీ తెలుసు. ఏం చెబుతానో అని చూస్తున్నాడు. మామూలుగా నా నోరు ఊరుకునేది కాదు, వాడి కొట్టు పీకి పందిరి వేసి ఉండేదాన్ని. కానీ నాన్న మొహంలో పద్నాలుగు నెలల తర్వాత వెలుగు కనిపిస్తోంది.

"సరే నాన్నా," అన్నాను.

అది చాలదన్నట్టు, టైర్లు నేనే ఎక్కిస్తానన్నాడు. సబ్బునీళ్లు రాసి, కడ్డీలు దూర్చి, ఒక్కొక్కటే రిమ్ము మీదికి ఎక్కించాడు. చేతులకు పని గుర్తుంది. ఎక్కించాక అక్షరాల కోసం వేళ్లతో వెతుక్కుని, టైరును వాల్వు పైకి తిప్పి, తృప్తిగా తట్టి లేచాడు. చూశాను. ఒకదాని పేరు జానెడు పక్కకి పోయింది. ఇంకోదాని పేరు ఏకంగా అవతలి వైపుంది.

ఇంటికి ఎలా నడిపానో నాకే తెలుసు. ఎడ్లబండి దాటిపోయేంత మెల్లిగా వచ్చాను. నాన్న పక్కన కూర్చుని తన అరచేతులు చూసుకుంటూ ఉన్నాడు. దారిలో ఒక్క మాటా మాట్లాడలేదు. అలిసిపోయాడులే అనుకున్నాను.

మర్నాడు గోదాములో పనుందని చెప్పి బండి తీసుకుని ఊరి అవతలి కొట్టుకు వెళ్లాను. అదే కంపెనీవి, అదే అచ్చువి, నిజంగా కొత్తవి నాలుగు తీయించాను. నాన్న ఎంచిన రిమ్ములు ఉంచి టైర్లు మార్పించాను. పేరు వాల్వు పైకి రావాలని నేనంటే అక్కడి ఫిట్టరు నవ్వాడు.

"గుండ్రంగా తిరిగేదానికి పేరు ఎక్కడుంటే ఏమిటండీ?"

"నీకెందుకయ్యా, పెట్టు," అన్నాను. దగ్గర నిలబడి నాలుగూ వెంట్రుకవాసి తేడా లేకుండా పెట్టించాను. కొత్త టైర్లకు మొలిచి ఉండే సన్నటి రబ్బరు వెంట్రుకలు పీకించాను. దారిలో బురదలో రెండుసార్లు తిప్పి మరీ తెచ్చాను. అబ్బో, ఎంత తెలివైనదాన్నో అనుకున్నాను. ఆయన పరువూ దక్కింది, నా ప్రాణమూ దక్కింది.

మధ్యాహ్నం నేను అన్నం తింటున్నాను. వాకిట్లో నాన్న అమ్మని పిలవడం వినబడింది.

"ఏమే, ఇలా రా. టైరు మీద పెద్ద అక్షరాల్లో పేరుంటుంది చూడు. అది వాల్వు పైన ఉందా, పక్కకి పోయిందా? ఉన్నది ఉన్నట్టు చెప్పు. చిన్నిని అడిగితే నా మొహం చూసి చెబుతుంది."

ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది. లేచి గుమ్మం దాకా వెళ్లేసరికి అమ్మ బండి చుట్టూ తిరిగి రావడం కూడా అయిపోయింది.

"సరిగ్గా వాల్వు నెత్తిమీదే ఉందండీ. నాలుగూ అంతే. కొలిచి పెట్టినట్టున్నాయి."

నాన్న బండికి చెయ్యి ఆనించి నిలబడిపోయాడు. కళ్లలో నీళ్లు. "నిన్న అక్షరం చేతికి తగిలినట్టే లేదే," అన్నాడు అమ్మతో. "అందాజాగా పెట్టేశాను. చెయ్యి కూడా పోయిందనుకున్నా. పేరు పక్కకి పోయిందని నువ్వంటే, అంకె కూడా తప్పు చదివుంటాను, ఆ టైర్లు ఎక్కొద్దని చిన్నికి చెబుదామనుకున్నా. రాత్రంతా కన్ను మూతపడలేదు." తర్వాత నన్ను చూసి చిన్నపిల్లాడిలా నవ్వాడు. "పోలేదే చిన్నీ. చెయ్యి పోలేదు."

అప్పుడు చెప్పాల్సింది. తెలుసు. లోపలికి వెళ్లి చెయ్యి కడుక్కున్నాను.

సోమవారం ఉదయం మళ్లీ గడ్డం గీసుకున్నాడు. టైరు కడ్డీలు సంచిలో వేసుకుని బండెక్కి కూర్చున్నాడు.

"పోతూ పోతూ నన్ను వర్క్‌షాపు దగ్గర దింపు. చూపు లేకపోయినా ఎక్కించి బిగించే పని చెయ్యగలనని చెబుతాను. కావాలంటే మా అమ్మాయి బండి చూసుకోండంటాను."

దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు. పెద్ద లారీల చక్రాలు మళ్లీ ముట్టుకోవాలని ఉందన్నాడు. బస్సులు కూడా అక్కడికే వస్తాయన్నాడు. బస్సులు. ఒక్కోదాంట్లో యాభై మంది. నేను నిన్న పెట్టించిన పేర్లు చూపించి ఆయన వాటి బోల్టులు బిగిస్తాడు.

వర్క్‌షాపు గేటు ముందు బండి ఆపాను. ఆయన తలుపు పిడి కోసం తడుముకుంటున్నాడు.

"నాన్నా, ఆగు. ఇవి నువ్వు ఎక్కించినవి కావు. నిన్న నేను మార్పించాను."

ఆయన చెయ్యి పిడి మీదే ఆగిపోయింది. నేనొక్కదాన్నే మాట్లాడాను. ఏడ్చాను కూడా. నీ కోసమేనన్నాను. ఆయన అంతా విన్నాడు.

"అంకె ఎంత?"

"పదమూడు."

"కొట్లోనే చూశావా?"

"చూశాను."

"చూసి, వాటిమీదే ఇంటిదాకా తోలావా?"

"మెల్లిగానే తోలాను నాన్నా."

"నేనొక మాట అనేస్తే, అది తప్పని తెలిసీ, నీ ప్రాణం దానిమీద పెట్టావా?" గొంతు పెంచలేదు. తిట్టినా బాగుండేది. సంచిని ఒళ్లోకి తీసుకుని రెండు చేతులతో పట్టుకున్నాడు. "ఇప్పుడున్నవి మంచివేనా?"

"మంచివే."

"గోరు దిగిందా?"

"దిగింది."

"అయితే ఇంటికి పోనీ. నీకు లోడుకు ఆలస్యమవుతుంది."

ఆయన్ని ఇంటి దగ్గర దింపి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాను. సాయంత్రం వచ్చేసరికి కుర్చీ గోడవైపు తిరిగి ఉంది. కడ్డీల సంచి నా బండి సీటు కిందే పెట్టి దిగిపోయాడని అప్పుడు చూశాను.

చెవి పోలేదు నాన్నా, పగిలిన రిమ్మును పట్టింది నువ్వే కదా అని అమ్మచేత చెప్పించాను, నేనూ చెప్పాను. "అవునమ్మా" అంటాడు. అంతే. ఇప్పుడు రోజూ లోడుకు వెళ్లే ముందు వాకిట్లో నేనే కడ్డీతో నాలుగు టైర్లూ తడతాను. ముందుగది కిటికీ అటే ఉంది, ప్రతి చప్పుడూ లోపలికి వినబడుతుంది.

మొన్న కావాలని కిటికీ వైపున్న టైరులో సగం గాలి తీసేశాను. గట్టిగా తట్టాను. బొదబొదమని మోగింది. ఇదివరకైతే ఎంత నిద్రలో ఉన్నా లేచి వచ్చి, చెవుల్లో దూది పెట్టుకున్నావా అని నన్ను దులిపేసేవాడు. మళ్లీ తట్టాను. కుర్చీ కిర్రుమంది. అలాగే నిలబడి చూశాను. ఎవరూ రాలేదు. పంపు తెచ్చి గాలి నింపుకుని లోడుకు వెళ్లిపోయాను.