ఒక్కరి బరువు

నేను ఒక లైఫ్‌బాయ్‌ని. నీళ్ళలో పడ్డవాడి కోసం ఓడ మీంచి విసిరే నారింజరంగు చక్రాన్ని. ఊరి చివర రేకుల షెడ్డులో అచ్చుపోసి, పైన గట్టి తొడుగు వేసి, చుట్టూ తాడు బిగించి నన్ను తయారుచేశారు. నాతో పుట్టినవి కొన్ని ఈతకొలనులకు పోయి పిల్లల మధ్య హాయిగా బతికాయి. నేను విశాఖ రేవుకు వచ్చి యుద్ధనౌక ఎక్కాను. మనుషుల్ని చంపడానికి కావలసిన సరంజామా అంతా ఉన్న ఆ ఓడలో, బతికించడానికి మావంటివి ఓ డజను ఉండేవి.

నా ఆలనాపాలనా తవిటినాయుడిది. పాలకొండ దగ్గరి పల్లెటూరివాడు, బక్కపలచని మనిషి. పొద్దున్నే నా మీది ఉప్పు తుడిచి, ముడులు లాగి చూసి, "బాగున్నావు, నీతో పనిపడకుండా ఉంటే చాలు" అనేవాడు.

పని పడింది. తుఫానులో ఒక చేపల పడవ బోల్తా కొట్టింది. నీళ్ళలో ఒక్క మనిషే కనిపిస్తున్నాడు. పొడవాటి తాడు కట్టి నన్ను విసిరారు. అతనికి అందలేదు. తవిటినాయుడు నడుముకు తాడు కట్టుకుని దూకాడు. ఆ తాడు పడవ కొయ్యల్లో చిక్కుకుంటే విప్పేసుకుని మరీ ఈదాడు. నన్ను తెచ్చి ఆ మనిషి తలమీంచి దిగవేశాడు. ఒక క్షణం ఇద్దరి చేతులూ నా మీద ఉన్నాయి. పైకి లాగేసరికి ఒక్కడే ఉన్నాడు. వాడు పూడిమడక జాలరి ఎర్రయ్య. తవిటినాయుడి శవం కూడా దొరకలేదు.

ప్రాణం ఇచ్చి ప్రాణం నిలిపాడని పత్రికలు రాశాయి. నన్ను కడిగి మళ్ళీ కొక్కేనికి తగిలించారు.

ఏటా ఒకరోజు జనాన్ని ఓడ ఎక్కనిస్తారు. మూడో ఏడు పూడిమడక నుంచి ఒక బస్సు వచ్చింది. నలభైమంది. వాళ్ళకు ఓడ చూపిస్తున్నవాడు దేవసహాయం. ఆనాడు నా తాడు లాగింది ఇతనే.

"దీన్ని లైఫ్‌బాయ్ అంటారు" అన్నాడు.

"అది సబ్బు కదండీ?" అందొకామె. అందరూ నవ్వారు.

దేవసహాయం నవ్వలేదు. "మీ ఊరి మనిషిని బతికించింది ఇదే."

"మా ఎర్రయ్యనే!" అంటూ జనం వెనక దాక్కున్న ఎర్రయ్యను ముందుకు లాగారు. "మెడలో ఏసుకోరా, పొటో తీస్తాం" అని నన్ను కొక్కెం నుంచి తీసి అతనికి వేశారు. మనిషి సగమైపోయాడు. ఫోన్లు మెరిశాయి, చప్పట్లు కొట్టారు, ఆ వెంటనే ఫిరంగి చూడ్డానికి పరిగెత్తారు. ఎర్రయ్య మాత్రం నన్ను తీయకుండా అక్కడే నిలబడిపోయాడు.

"బావూ, ఆ దూకినాయన తనంతట తాను సెయ్యి ఒగ్గీనేదు" అన్నాడు. "నానే తన్నీసినాను. కాళ్ళకేదో సుట్టుకుంటే సచ్చిపోతానని బయమేసి తన్నీసినాను. మరి కనపడ్నేదు."

దేవసహాయం మెల్లగా అన్నాడు: "తాడు లాగింది నేను. మొదటి లాగు నుంచీ నా చేతులకు తగిలింది ఒక్కరి బరువే. నువ్వు తన్నేసరికే అతను లేడు."

అది నిజం. విరిగిన పడవ చెక్క ఒకటి వచ్చి తవిటినాయుడి తలకు తగిలింది. నా తాడు మీద అతని వేళ్ళు ఒక్కొక్కటే వదులయ్యాయి. అప్పటికింకా ఎర్రయ్య కాలు కదల్లేదు. ఆ తరవాత అతను తన్నింది కాళ్ళకు చుట్టుకున్న తన చేపల వలనే.

"నా మనసు కోసం అంటన్నారు" అన్నాడు ఎర్రయ్య. "ఆయనకి ఇంటిదుందా?"

"ఉంది. సూరీడమ్మ. ఒక పాప."

"ఎల్లి చెప్పీసి వస్తాను."

"ఏమని? జరగనిది చెప్పి ఆ తల్లిని మళ్ళీ ఏడిపిస్తావా?"

ఎర్రయ్య నన్ను మెడలోంచి తీశాడు. తన చేతులతోనే నన్ను కొక్కేనికి తగిలించి దిగిపోయాడు.

మరుసటేడు అదే రోజున సూరీడమ్మ వచ్చింది, పాపను చంకనేసుకుని. తవిటినాయుడు తిరిగిన చోటల్లా చూసి, నా దగ్గర కాసేపు నిలబడింది. అప్పుడు దేవసహాయాన్ని అడిగింది.

"అన్నయ్యా, ఎవలో ఒకాయన నెలకోపాలి మా ఇంటికొచ్చీవోడు. ఎండుసేపలు గుమ్మంకాడ ఎట్టి, అరుగు మీద కూకుని, మంచినీళ్ళు తాగీసి ఎలిపోయీవోడు. ఏదో సెప్పబోయి ఆగిపోయీవోడు. మీవోడేనా?"

దేవసహాయం సముద్రం వైపు తిరిగాడు. "తెలీదమ్మా" అన్నాడు.

"రెండు నెలల బట్టీ రానేదు. పాప రోజూ అడుగుతాది. ఏటైపోనాడో."

ఆ ఏడే నా తొడుగు చీలి లోపలికి నీరు పట్టింది. పనికిరానని ఓడ మీంచి దింపి రేవు వెనక తుక్కు షెడ్డులో పడేశారు. ఎర్రయ్య ఏమయ్యాడో నాకు తెలియలేదు. ఇక్కడ చెప్పేవారెవరూ లేరు. సముద్రం చప్పుడు కూడా ఇంతదూరం రాదు.