మూడో జుమాగీ

వాన వాసన. తడిసిన గోనెపట్టా వాసన. గుమ్మంలో అబ్బా చెప్పులు విదిలించిన చప్పుడు.

"ఇచ్చిండ్రు! ఇంకా మూడు నెలలు ఉండొచ్చంట!"

రొట్టెల పిండి చేతులతోనే పరుగెత్తాను. అబ్బా వెనకే వచ్చిన ఖదీర్ భుజం మీద నా వేళ్లు తెల్లగా పడ్డాయి. అతను దులుపుకోలేదు.

మూడు నెలలు!

ఖదీర్ కరాచీలో ఉన్న మా పెద్ద మేనత్త కొడుకు. యుద్ధం ముగిసి, రైళ్లు మళ్లీ నడిచాక, చుట్టపుచూపు వీసా మీద వచ్చాడు. వచ్చాక నాతో నిఖా అయింది. నిఖా అయ్యాక ఇక్కడివాడే అవుతాడు... ఇంట్లో అందరి మాటా అదే. బి.ఏ. చదివిన నా మాట కూడా.

రోజుకొక తెలుగు మాట నేర్పుతున్నాను. నిన్న చినుకు. ఇవాళ మబ్బు.

ఫలక్‌నుమా కొండ మీదికి దిగిన మబ్బును చూపించి, "మబ్బు ఇంటికి వచ్చింది" అన్నాడు.

ఎంత నవ్వానో! నవ్వి, అది తప్పు కాదని చెప్పడం మరిచిపోయాను.

పెళ్లయ్యాక ఐదు శుక్రవారాలు కొత్త జంటను చుట్టాలు పిలిచి విందు పెడతారు. అదే జుమాగీ. రెండు అయ్యాయి. మూడోది షాద్‌నగర్‌లో, చిన్న మేనత్త షౌకత్ బీ ఇంట్లో. నాకు ఫుప్పు, ఖదీర్‌కు ఖాలా. కరాచీ వెళ్లిన అక్కను ఆమె మళ్లీ చూడలేదు.

"పోలీసోళ్లు సిటీ దాటొద్దన్నరు గదా," అబ్బా గొణిగాడు.

"జుమాగీకి పిలిస్తే రానంటరా? మా అక్క కొడుకు నా గడప తొక్కొద్దా?" ఫుప్పు కళ్లలో నీళ్లు. "పొద్దుగాల వచ్చి మాపటికి పోతరు. ఎవరు చూస్తరు?"

రైలెక్కాం. కిటికీలో వాన. ఖదీర్ చేయి బయటపెట్టి చినుకులు పట్టాడు. "చినుకు... చినుకు..." పిల్లవాడిలా.

షాద్‌నగర్ స్టేషన్‌లో దిగామో లేదో —

మర్ఫా!

డప్పుల మోత. పూలదండలు. ఫుప్పు ముందు నడుస్తూ కేకేస్తోంది. "మా అక్క కొడుకు! కరాచీ దుల్హా!"

బజారంతా తలుపుల్లోకి వచ్చింది. పిల్లలు బురదలో ఎగిరారు. ఖదీర్ కూడా రెండడుగులు ఎగిరాడు. అంత అందమైన శుక్రవారం నా జన్మలో లేదు.

ఠాణా ముందు నుంచే వెళ్లాం.

వానలు ఆగలేదు. వెంటనే రమ్మని కబురు వచ్చింది.

ప్రతి వారం ఖదీర్ హాజరు వేయించుకునే పోలీసు ఆఫీసు. ప్రతి వారం మమ్మల్ని చూసి నవ్వే జమేదారు వైకుంఠం ఈసారి తలెత్తలేదు.

"ఏమమ్మా, మొదలే చెప్పలేదా? గంటసేపైనా సిటీ దాటితే దాటినట్టే."

"జుమాగీకి పోయినం సాబ్," అన్నాడు అబ్బా.

"మర్ఫా కొట్టిచ్చుకుంట పోయిండ్రంట గదా."

పక్క బల్ల దగ్గర ఎవరో నవ్వారు.

మూడు నెలలు రద్దు. వారంలో దేశం విడిచి వెళ్లాలి.

మా గల్లీ వకీలు అబ్దుల్ వాహెద్ కళ్లద్దాలు తుడుచుకున్నాడు. తుడుస్తూనే ఉన్నాడు.

"కోడల్ని తెచ్చుకుంటే చట్టంల దారుంది బిడ్డా. అల్లుణ్ని తెచ్చుకుంటే లేదు."

"నేను భార్యను కదా, చాచా?"

"భార్యవే. అందుకే నువ్వు పోవచ్చు. అక్కడోళ్లు పెళ్లానికి పౌరసత్వం ఇస్తరు. ఇక్కడోళ్లూ పెళ్లానికే ఇస్తరు."

రెండు దేశాలు. రెండు యుద్ధాలు. ఈ ఒక్క మాట మీద మాత్రం ఒక్కటే —

ఆడదే కదలాలి.

"కోర్టుకు పోతే?"

"పోదాం. నాలుగు దినాలు ఎక్కువ దొరుకుతయేమో. ఉంచుడు నాతోని కాదు."

ఇంటికొచ్చేసరికి ఫుప్పు వచ్చి ఉంది. గోడకు తల ఆనించి ఏడుస్తోంది. "నా నోరు పడిపోను... ఆ డప్పులెందుకు పిలిస్తి..."

ఖదీర్ ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాడు. మాటలు వెతుక్కున్నాడు. నేను నేర్పినవీ, గల్లీ నేర్పినవీ.

"ఖాలా... మర్ఫా మస్తు ఉండె."

ఆమె ఇంకా ఏడ్చింది.

ఎవరూ నన్నేమీ అడగలేదు. అబ్బా అడగలేదు. ఖదీర్ అసలే అడగలేదు. పెట్టె తీసి, మడత పెట్టిన కమీజునే మళ్లీ మడత పెడుతున్నాడు. ఈ గల్లీ, ఈ కొండ, అబ్బా దగ్గు... అన్నీ అడగకుండానే నన్ను చూస్తున్నాయి.



"అబ్బా... రేపు పొద్దున్నే ఫోటో స్టూడియోకు పోదాం," అన్నాను.

ఫుప్పు ముఖం తుడుచుకుంది. "జోడీ ఫోటోనా బిడ్డా?"

"కాదు ఫుప్పూ. పాస్‌పోర్టుకు. నేనొక్కదాన్నే."